స్విఫ్ట్‌ను 30 మి.మీ. దించడం: ప్రాజెక్టు డైరీ

కారు రెండో తరం మారుతి స్విఫ్ట్, అంటే మన దగ్గర 2011లో వచ్చిన మోడల్. 1.2 పెట్రోల్, మాన్యువల్ గేరు, 185/65 ఆర్15 టైర్లు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2430 మి.మీ., కంపెనీ లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, అంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే స్తంభంగా ఉండేవి. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఇనుప దూలం), అక్కడ స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. పొట్టి, గట్టి స్ప్రింగులు వేసి కారు ఎత్తు తగ్గించే ఈ పని జరిగింది విజయవాడ ఆటోనగర్‌లో. బండి ఊళ్లోనే ఎక్కువ తిరుగుతుంది, అప్పుడప్పుడు హైదరాబాద్ హైవే ఎక్కుతుంది. హైవే ఎక్కిన ప్రతిసారీ వెనక సీటు, డిక్కీ రెండూ నిండుతాయి.

కావాల్సినవి మూడు. మలుపుల్లో ఒరుగుడు తగ్గాలి. లేన్ మారేటప్పుడు స్టీరింగుకు బండి వెంటనే పలకాలి. టైరుకూ ఫెండర్‌కూ మధ్య కనిపించే ఆ బోసి సందు పోవాలి. మూడోది ఏ స్ప్రింగు వేసినా వస్తుంది. మొదటి రెండూ అంత చవగ్గా రావు.

విప్పకముందు కొలతలు

కారు దించుతున్నామనగానే అందరూ అడిగేది "స్పీడ్ బ్రేకర్లకు తగలదా?" అని. అది రెండో ప్రశ్న. అంతకంటే ముందు అడగాల్సింది, గోతిలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఇంకా ఎంత చోటు మిగులుతుంది అని. కారు దించితే ఖర్చయ్యేది ముందుగా ఆ ట్రావెలే. క్లియరెన్స్ ఎంత పోయిందో కంటికి కనిపిస్తుంది, ట్రావెల్ ఎంత పోయిందో నడుముకు తెలుస్తుంది.

ఎత్తును నేల నుంచి ఫెండర్‌కు కొలవొద్దు. టైరులో గాలి రెండు పీఎస్‌ఐ తేడా ఉన్నా అంకె మారిపోతుంది. చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచుకు నిలువుగా కొలవాలి. చదునైన గచ్చు మీద, డ్రైవర్ బరువు సీట్లో పెట్టి, కారును రెండు మూడు మీటర్లు ముందుకూ వెనక్కూ నెట్టి, బానెట్‌నూ డిక్కీనీ చేత్తో నొక్కి వదిలాక తీసుకోవాలి. ఈ కారుకు ముందు ఎడమ 388, కుడి 386. వెనక రెండు పక్కలా 384 వచ్చింది. డ్రైవర్ వైపు రెండు మి.మీ. తక్కువ ఉండటం మామూలే.

తర్వాతి కొలతకు చేతులు మురికి చేసుకోవాలి. షాకబ్జర్ రబ్బరు బూటు పైకి లాగి, బంప్ స్టాప్ (రాడ్డు పైభాగాన ఉండే రబ్బరు అడ్డు) కింది మొనకూ షాకబ్జర్ డబ్బా పై అంచుకూ మధ్య దూరం చూడాలి. ముందు 58 మి.మీ., వెనక 70 మి.మీ. ఉంది. అది దాటితే చక్రం బరువు మోసేది స్ప్రింగు ఒక్కటే కాదు, బంప్ స్టాప్ కూడా.

మూడోది లోయర్ ఆర్మ్ వాలు, అంటే చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి ఎంత వాలి ఉందో. లోపలి బుష్ (రబ్బరు కీలు) బోల్టు నడిమిని, బయటి బాల్ జాయింట్ నడిమిని నేల నుంచి కొలిస్తే బాల్ జాయింట్ 24 మి.మీ. కిందకు ఉంది. ఎంత దించాలో చెప్పే అంకెల్లో ఇదొకటి. ఎందుకో కింద చూద్దాం.

దించితే నిజంగా వచ్చేదెంత

మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకు మారే బరువును లెక్కగట్టడం కష్టమేమీ కాదు. బరువును మలుపు బలంతో, గురుత్వకేంద్రం ఎత్తుతో హెచ్చించి, ట్రాక్ వెడల్పుతో, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో, భాగిస్తే సరి. మనిషితో కలిపి 1040 కిలోలు, మలుపు బలం 0.5 జీ (కారు బరువులో సగం), గురుత్వకేంద్రం ఎత్తు 0.55 మీటర్లు, ట్రాక్ 1.48 మీటర్లు అనుకుంటే 193 కిలోలు వస్తుంది. 30 మి.మీ. దించి 0.52 వేస్తే 183. తేడా 10 కిలోలు, అంటే సోనామసూరి బస్తాలో సగం కూడా కాదు. పైగా చక్రాలు, హబ్బులు, బ్రేకులు కిందికి దిగవు కాబట్టి అసలు లాభం ఇంకాస్త తక్కువే.

మరి దించిన కార్లు మలుపుల్లో బాగుంటాయని అందరూ ఎందుకంటారు? ఆ స్ప్రింగులు గట్టివి కాబట్టి. ఒరుగుడు తగ్గేది, స్టీరింగు చురుగ్గా అనిపించేది ఎక్కువగా గట్టిదనం వల్లే, ఎత్తు తగ్గినందువల్ల కాదు. స్ప్రింగులు మెత్తగానే ఉంచి ఎత్తు మాత్రమే తగ్గిస్తే కారు మునుపటికంటే ఎక్కువ ఒరగొచ్చు కూడా. మెక్‌ఫర్సన్ సస్పెన్షన్‌లో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో, అంటే రోల్ సెంటర్, లోయర్ ఆర్మ్ వాలును బట్టి మారుతుంది. ఆర్మ్ అడ్డంగా సమానమై, ఆపైన బాల్ జాయింట్ వైపు పైకి లేచిందంటే రోల్ సెంటర్ గురుత్వకేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది. మలుపు బలం కారును వంచేది ఆ దూరాన్ని ఆసరా చేసుకునే. అందుకే 50, 60 మి.మీ. దించిన కారు చూపుకు రేసు కారులా ఉన్నా, దాన్ని ఒరగకుండా ఆపాలంటే చాలా గట్టి స్ప్రింగులు కావాలి. ఇక మన రోడ్ల మీద అది కారులా కాక రోడ్డు రోలర్‌లా నడుస్తుంది.

ఇక్కడ బాల్ జాయింట్ 24 మి.మీ. కిందకు ఉంది. 30 దించితే 6 మి.మీ. పైకి వస్తుంది, అంటే ఆర్మ్ దాదాపు సమానంగా ఉంటుంది. 40 దించితే 16 పైకి లేస్తుంది. పొడవు బాల్ జాయింట్లు వేసి దీన్ని సరిచేయొచ్చుగానీ ఈ మోడల్‌కు నమ్మకమైనవి దొరకడం కష్టం. స్టీరింగు పట్టు నిలిచేది బాల్ జాయింట్ మీద, అక్కడ ప్రయోగాలు వద్దు.

40 ఎందుకు కాదు, 30 ఎందుకు

తేల్చింది వెనక చక్రాల లెక్క. వెనక ముగ్గురు, డిక్కీలో 40 కిలోల సామాను ఉంటే వెనక ఇరుసు మీద అదనంగా పడేది దాదాపు 210 కిలోలు, చక్రానికి 105. కంపెనీ స్ప్రింగు చక్రం దగ్గర మి.మీ.కు 20 న్యూటన్లు (దాదాపు 2 కిలోల బరువు) అనుకుంటే 51 మి.మీ. కుంగుతుంది. బంప్ స్టాప్‌కు 70 ఉంది కాబట్టి 19 మిగిలేది. కంపెనీ వాళ్లు ఆ 170 మి.మీ. ఎత్తు ఊరికే ఇవ్వలేదు.

మనం వేసే స్ప్రింగు 20 శాతం గట్టిది, 24 న్యూటన్లు. అదే బరువుకు 43 కుంగుతుంది. వెనక 25 దించి, బంప్ స్టాప్ 15 మి.మీ. పొట్టి చేస్తే 70 నుంచి 25 తీసేసి 15 కలిపితే 60. అందులోంచి 43 పోతే 17 మిగిలింది. కంపెనీ ఇచ్చిన 19కి దగ్గరే. అదే 40 దించితే మిగిలేది 2 మి.మీ. అంటే నలుగురు ఎక్కి కూర్చుంటే చాలు, కారు రబ్బరు ముక్కల మీద నడుస్తున్నట్టే. కనకదుర్గ వారధి ఎక్కేలోపే వెనక సీటు వాళ్లు దిగిపోతామంటారు.

అందుకే ముందు 30, వెనక 25. ఒక్కరే నడుపుకునే కారైతే, వెనక సీటు పేరుకే ఉంటే, ఇంకో 5 మి.మీ. దించినా గొడవ లేదు. 40 దాటితే స్ప్రింగు ఒక్కటి మారిస్తే చాలదు, స్ట్రోక్ (రాడ్డు ఆడే పొడవు) తక్కువ ఉన్న షాకబ్జర్లు తప్పనిసరి.

తెచ్చిన సామాను

నాలుగు స్ప్రింగులు, నాలుగు కొత్త గ్యాస్ షాకబ్జర్లు, ముందు స్ట్రట్ మౌంట్లు రెండు, వాటి బేరింగులు రెండు, బంప్ స్టాప్‌లు నాలుగు, బూట్లు నాలుగు, యాంటీ రోల్ బార్ (ఒరుగుడు తగ్గించే ఇనుప కడ్డీ) లింక్ రాడ్లు రెండు, వెనక స్ప్రింగుల కింద పైన వేసే రబ్బరు సీట్లు నాలుగు, స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రపు హబ్బును పట్టుకునే ఇనుప దిమ్మకు) బిగించే బోల్టులూ నట్లూ కొత్తవి. స్ప్రింగుల ధర చూసి బడ్జెట్ వేసుకునేవాళ్లు మిగతా జాబితా చూడరు. స్ప్రింగులకైన ఖర్చు మొత్తంలో సగం కూడా ఉండదు.

పాత షాకబ్జర్లే ఉంచితే ఏమవుతుంది? ముందు చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 265 కిలోలు అనుకుందాం. 20 న్యూటన్ల స్ప్రింగుతో ఆ మూల సెకనుకు 1.38 సార్లు ఊగుతుంది. 25 న్యూటన్లయితే 1.55 సార్లు. స్ప్రింగు 25 శాతం గట్టిపడితే అదే అదుపు కోసం షాకబ్జర్ దాదాపు 12 శాతం గట్టిగా ఉండాలి. లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత షాకబ్జర్‌కు మొదటి గట్టిదనమే మిగలదు, ఈ 12 శాతం ఎక్కడినుంచి తెస్తుంది? దించిన కారు గతుకు మీద ఒకసారి ఎగిరి ఊరుకోకుండా రెండు మూడుసార్లు ఊగుతోందంటే కారణం ఇదే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, కారు దిగాక షాకబ్జర్ రాడ్డు ఇన్నాళ్లూ బయటే ఉండి దుమ్ము తిన్న భాగంతో సీల్‌లోంచి ఆడుతుంది. ఆయిల్ కారడం మొదలవుతుంది.

కొత్త స్ప్రింగులను వేసేముందు హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టి, లోడ్ సెల్‌తో 20, 40, 60 మి.మీ. నొక్కుడుకు బరువు చూశాం. ఎడమ కుడి మధ్య తేడా 3 శాతం లోపు వస్తే చాలు. పెట్టె మీద రాసిన అంకె కంటే ఈ అంకెనే నమ్మాలి. వర్నియర్‌తో తీగ మందం కూడా చూడండి. గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 12 మి.మీ. తీగ 12.5 అయితే చాలు, 18 శాతం గట్టిపడిపోతుంది.

ముందు వైపు

హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, కారును జాకీతో లేపి స్టాండ్ల మీద దించాలి. జాకీ మీదే వదిలేసి కిందికి దూరే పని చేయొద్దు. చక్రం తీశాక స్ట్రట్‌కు బిగించి ఉన్న బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే విప్పాలి. ఇవి మరిచి నకిల్‌ను వదిలితే బరువంతా వైరు మీద వేలాడుతుంది. ఏబీఎస్ లైటు వెలిగాక మళ్లీ అంతా విప్పడమే.

లింక్ రాడ్ నట్టు విప్పేటప్పుడు లోపలి బాల్ కూడా తిరుగుతుంది. దాన్ని అలెన్ కీతో ఆపి నట్టును రింగ్ పానాతో తిప్పాలి. తుప్పు పట్టి ఉంటే కోసి పారేయడమే నయం, ఎలాగూ కొత్తది వేస్తున్నాం. స్ట్రట్, నకిల్ కలిసే రెండు బోల్టుల చుట్టూ పెయింటు పెన్నుతో గీత గీస్తే కాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలిన కోణం) మళ్లీ దాదాపు అక్కడికే వస్తుంది. బోల్టులు తీశాక నకిల్ బయటికి వాలిపోకుండా తాడుతో కట్టాలి, లేదంటే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ తన కప్పులోంచి బయటికి జారే అవకాశం ఉంది. పై మౌంట్ దగ్గర పానా సరిగ్గా ఆడాలంటే వైపర్ ఆర్మ్‌లు, వాటి కింది ప్లాస్టిక్ కౌల్ తీసేస్తే పని సుఖం. ఆ కౌల్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది, క్లిప్పులు కొన్ని విరుగుతాయని ముందే లెక్కేసుకుని కొత్తవి పెట్టుకోవాలి.

స్ప్రింగు కంప్రెసర్ దగ్గర తొందర పనికిరాదు. రెండు కొక్కేలూ ఎదురెదురుగా, ఒక్కోటి రెండు చుట్లు పట్టేలా పెట్టి, అటు నాలుగు తిప్పులు, ఇటు నాలుగు తిప్పులు వేస్తూ రావాలి. స్ప్రింగు పై సీటు చేత్తో తిరిగేంత వదులయ్యాకే నడిమి నట్టు ముట్టుకోవాలి. ఇంపాక్ట్ గన్ వాడితే రాడ్డు గిర్రున తిరిగి లోపలి సీల్ పాడవుతుంది. రాడ్డును కీతో ఆపి, నట్టును వంగిన రింగ్ పానాతో విప్పాలి. బిగించేటప్పుడూ అంతే.

బంప్ స్టాప్‌ను ఎటు వైపు కోయాలన్నది చాలామంది తప్పే చోటు. కింద సన్నగా ఉండే మొనను కోయొద్దు. చక్రం పైకి లేచినప్పుడు మొదట తగిలేది అదే, మెత్తగా మొదలై క్రమంగా గట్టిపడేలా ఆ ఆకారం ఇచ్చారు. మౌంట్‌కు ఆనుకునే లావు వైపు నుంచి 15 మి.మీ. పదునైన కత్తితో తీయాలి. కోసే ముందు స్ప్రింగు లేకుండా షాకబ్జర్ రాడ్డును చేత్తో పూర్తిగా లోపలికి నొక్కి, స్ట్రోక్ ఎంత మిగులుతుందో చూసుకోవాలి. బంప్ స్టాప్ నలిగిపోయాక కూడా లోపలి పిస్టన్ అడుగు వాల్వును కొట్టకూడదు.

స్ప్రింగు కింది కొస స్ట్రట్ సీటులోని మెట్టుకు ఆనాలి. సందు 10 మి.మీ.లోపు ఉంటే సరే. పై కొస రబ్బరు సీటు గాడిలో కూర్చోవాలి. ముందు సస్పెన్షన్ నుంచి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ రెండు కొసల దగ్గరే పుడతాయి. బిగించిన ప్రతి నట్టుకూ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ వేసి, పెయింటుతో గీత గీశాం.

చివరి స్ప్రింగు ఎక్కించే ముందు ఒక పరీక్ష. స్ప్రింగు లేకుండా స్ట్రట్ ఒక్కటే బిగించి, చక్రం తొడిగి, జాకీతో బంప్ స్టాప్ నలిగేదాకా పైకి లేపి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. టైరు లైనర్‌కు (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగుకు) తగిలితే అక్కడే కనిపిస్తుంది. యాంటీ రోల్ బార్ డ్రైవ్ షాఫ్ట్‌కు ఎంత దగ్గరగా వస్తోందో కూడా అప్పుడే చూడాలి. ఇక్కడ కంపెనీ వీల్సే కాబట్టి లైనర్‌కు వేలు దూరేంత సందు మిగిలింది. వెడల్పు వీల్స్ వేసి ఉంటే ఈ పరీక్ష చేయకుండా రోడ్డెక్కొద్దు.

వెనక వైపు

ఇది తేలిక. బాడీని స్టాండ్ల మీద ఉంచి, బీమ్ కింద జాకీ పెట్టి, రెండు షాకబ్జర్ల కింది బోల్టులూ తీసి, బీమ్‌ను నెమ్మదిగా దించితే స్ప్రింగులు చేత్తోనే వచ్చేస్తాయి. దించేటప్పుడు ఒకరు బ్రేక్ హోస్‌లనూ హ్యాండ్ బ్రేక్ కేబుల్‌నూ కనిపెట్టి ఉండాలి. పాత రబ్బరు సీట్లు మళ్లీ వేయొద్దు. నలిగి పల్చబడిన సీటు ఒక పక్క రెండు మూడు మి.మీ. తేడా తెచ్చేస్తుంది.

ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. షాకబ్జర్ పూర్తిగా సాగి చక్రం గాల్లో వేలాడినప్పుడు కూడా పొట్టి స్ప్రింగు రెండు సీట్ల మధ్య బిగువుగానే ఉండాలి. వదులుగా ఆడిందంటే, ఎత్తు మీద చక్రం గాల్లోకి లేచిన క్షణాన అది సీటు తప్పి పక్కకు కూర్చునే ప్రమాదం ఉంది. ఈ స్ప్రింగులు చేత్తో తిప్పితే కదలనంత బిగువుగా ఉన్నాయి.

బుష్‌లు: ఎవరూ చేయని పని

లోయర్ ఆర్మ్ బుష్, వెనక బీమ్ బుష్ బేరింగుల్లా తిరగవు. లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ రబ్బరు అతికి ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. బోల్టు ఏ ఎత్తులో బిగించామో అదే దానికి విశ్రాంతి స్థితి. కారును పాత ఎత్తులో బిగించి ఉంచి, స్ప్రింగు మాత్రం మార్చి 30 మి.మీ. దించితే, కారు ఊరికే నిలబడి ఉన్నా ఆ రబ్బరు మెలికలోనే ఉంటుంది. రెండు నష్టాలు. ఆ మెలిక కారును పైకి నెడుతుంది కాబట్టి అసలు ఎత్తు కొలతకు రాదు. రబ్బరు ఒక వైపే లాగుడు తిని ఏడాది రెండేళ్లలో చీలుతుంది. అప్పుడు "దించిన కార్లకు బుష్‌లు త్వరగా పోతాయి" అని దించడం మీద నింద పడుతుంది.

చేయాల్సింది ఇదీ. అన్ని బుష్ బోల్టులనూ సగం తిప్పు వదులు చేసి, చక్రాలు తొడిగి, కారును నాలుగు పోస్టుల లిఫ్ట్ మీదకు ఎక్కించాలి. అంటే బరువు చక్రాల మీదే ఉండాలి. డ్రైవర్ సీట్లో 65 కిలోల బరువు పెట్టి, నాలుగు మూలలా నొక్కి వదిలాకే కింద నుంచి టార్క్ రెంచ్‌తో బిగించాలి. రెండు పోస్టుల లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే లాభం లేదు, నష్టం ఇంకా ఎక్కువ. బుష్‌లు వదులు చేయక మునుపు ముందు చక్రాల దగ్గర ఎత్తు 364 ఉంది. వదులు చేసి మళ్లీ బిగించాక 359కి వచ్చింది. ఆ 5 మి.మీ. స్ప్రింగుది కాదు, రబ్బరుది.

అలైన్‌మెంట్

ఎక్కించిన రోజే తుది అలైన్‌మెంట్ చేయించి డబ్బు పోసుకోవద్దు. ఇంటికి చేరేందుకు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటి సుమారుగా సరిచేయించి, 300 నుంచి 500 కి.మీ. తిరిగాక పూర్తిగా చేయించాలి. స్ప్రింగులు, రబ్బరు సీట్లు సర్దుకుని మూడు నాలుగు మి.మీ. దిగుతాయి.

దించగానే మెషీన్ చూపిన అంకెలు: ముందు కాంబర్ పావు డిగ్రీ నెగటివ్ నుంచి 40 నిమిషాల నెగటివ్‌కు మారింది (డిగ్రీకి 60 నిమిషాలు; నెగటివ్ అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం). దీనితో దిగులు పడాల్సింది లేదు. మలుపుల్లో పట్టు కాస్త పెరుగుతుంది, టైరు లోపలి అంచు అరుగుదల పట్టించుకోనక్కర్లేనంత. అసలు శత్రువు టో. టై రాడ్, లోయర్ ఆర్మ్ ఒకే వృత్తంలో తిరగవు కాబట్టి ఎత్తు మారితే టో మారి తీరుతుంది. ఈ కారుకు మొత్తం 3 మి.మీ. టో అవుట్ వచ్చింది. చక్రానికి 0.21 డిగ్రీలు అన్నమాట. వినడానికి చిన్నదే. కానీ ఒక్కో ముందు టైరు కిలోమీటరుకు 3.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోతోందని అర్థం. వెయ్యి కిలోమీటర్లకు 3.7 కిలోమీటర్లు తారు మీద అడ్డంగా గీకినట్టు. దించిన కార్ల టైర్లు లోపలి అంచున తినేస్తాయని కాంబర్‌ను తిడతారు. చాలాసార్లు తినేది టో.

టో సున్నా నుంచి 1 మి.మీ. ఇన్ మధ్య పెట్టించి, టై రాడ్ లాక్ నట్లు బిగించేటప్పుడు స్టీరింగు నడిమికి కట్టి ఉంచాలి. రెండు వైపులా కాంబర్ తేడా పావు డిగ్రీ దాటితే స్ట్రట్ పై బోల్టు బదులు కాంబర్ బోల్టు వాడొచ్చు, ఇక్కడ అవసరం పడలేదు. వెనక బీమ్‌కు సర్దుబాటు ఉండదు, అంకెలు హద్దులో ఉన్నాయా అని చూసి వదిలేయడమే.

హెడ్‌లైట్లు: ముక్కు వెనకకంటే 5 మి.మీ. ఎక్కువ దిగింది కాబట్టి 10 మీటర్ల దూరంలో వెలుగు, కారు దిగిన ఎత్తు కాక, ఇంకో 2 సెం.మీ. కిందికి వచ్చింది. గోడ మీద టేపు వేసి సరిచేశాం.

రోడ్డు మీద

షాకబ్జర్ రాడ్లకు ఒక్కో కేబుల్ టై బిగించి వదిలితే అది మంచి గూఢచారి. చక్రం ఎంత పైకి లేచిందో టై అక్కడికి జరిగి ఆగిపోతుంది. ఊళ్లో ఒంటరిగా నడిపినప్పుడు ముందు టై బంప్ స్టాప్‌కు ఇంకా దూరంగానే ఆగింది. నలుగురితో, సామానుతో హైవే ఎక్కినప్పుడు వెనక టై బంప్ స్టాప్‌కు తగిలి ఉంది, లెక్క చెప్పినట్టే. బ్రిడ్జి జాయింట్ల మీద వెనక నుంచి ఒక మెత్తటి దెబ్బ తెలుస్తుంది. లేన్ మారేటప్పుడు, ఫ్లైఓవర్ ర్యాంపు మలుపుల్లో తేడా నిజంగా ఉంది. బండి ముందు ఒరిగి తర్వాత తిరగడం పోయి, తిరుగుతూనే నిలబడుతోంది. గతుకుల కాలనీ రోడ్డు మీద 20, 30 వేగంలో మాత్రం మునుపటికంటే గట్టిగా కొడుతుంది, అందులో దాపరికం లేదు.

స్పీడ్ బ్రేకర్ల సంగతికి వద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. అలాంటి దాని మీద మన కారు నాలుగు చక్రాలూ పడతాయి. 2.43 మీటర్ల వీల్‌బేస్ మధ్యలో పొట్ట కింద పైకి లేచేది 43 మి.మీ. మాత్రమే. కారు 142 మి.మీ. ఎత్తులో ఉంది కాబట్టి అలాంటి బ్రేకర్లు ఎన్ని ఉన్నా బెంగ లేదు. బెంగ అంతా కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిమ్మలతో. మూరెడు వెడల్పు, 12 నుంచి 15 సెం.మీ. ఎత్తు. ముందు చక్రాలు దిగాక ఆ ఎత్తంతా పొట్ట కింద నిలబడుతుంది. నిండుగా ఉన్నప్పుడు మధ్యలో మిగిలేది 117 మి.మీ. తగులుతుంది. 170లో ఉన్నప్పుడూ అదే బరువుతో 15 సెం.మీ. దిమ్మకు తగిలేదే. వంకరగా, ఒక్కో చక్రం ఎక్కేలా తీసుకుంటే కొన్ని దాటుతాయి.

అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు పైఅంచుకూ ఇదే లెక్క. ఒంటరిగా ఉంటే 13 డిగ్రీల మలుపు దాకా పొట్ట ఆనదు, నిండుగా ఉంటే 11. ఎనిమిదికి ఒకటి వాలున్న ర్యాంపు 7 డిగ్రీలు, ఆరుకు ఒకటి 9.5, రెండూ ఫర్వాలేదు. ఐదుకు ఒకటి ఉంటే 11.3, అక్కడ వెనక సీటువాళ్లు పైనే దిగాలి. దించాలనుకునేవాళ్లు ముందు తమ ర్యాంపు పొడవూ ఎత్తూ టేపుతో కొలుచుకోండి. స్ప్రింగుల కంటే ర్యాంపు మార్చడం ఖరీదు.

శబ్దం వస్తే ఎక్కడ చూడాలి

ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే "టంగ్" అని ఒక్కసారి మోగితే స్ప్రింగు కొస సీటులో కూర్చోలేదు, లేదా పై బేరింగు తలకిందులుగా పడింది. చిన్న గతుకుల మీద టకటకలాడితే లింక్ రాడ్ నట్టు. బ్రేక్ వేసినప్పుడు ఒక్క దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ బోల్టు. గొయ్యి లోతుగా ఉన్నప్పుడే మొద్దుగా "ధబ్" మంటే అది బంప్ స్టాప్, ట్రావెల్ అయిపోయింది. కొత్త స్ట్రట్ పై నట్టు చాలకపోతే ఏ గతుకైనా డాష్‌బోర్డు లోపల కొట్టినట్టు వినిపిస్తుంది. చాలామంది ప్లాస్టిక్ అనుకుని డాష్‌బోర్డు విప్పేది ఇక్కడే.

చుట్టు కోయించుకుంటే పోలా?

ఈ మాట ఆటోనగర్‌లో ఏ గేటు దగ్గరైనా వినిపిస్తుంది. లారీ కమానులకు వంపు సరిచేసి టెంపర్ పెట్టగలిగే చేతులు అక్కడ ఉన్నాయి, కానీ కారు కాయిల్ వేరే సరుకు. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే మిగిలిన ఐదు 20 శాతం గట్టిపడతాయి, అది మంచిదే అనిపిస్తుంది. అయితే సీటులో కూర్చోవడానికి చదును చేసిన కొస పోతుంది. తెగిన మొన సీటును ఒకే చోట పొడుస్తుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ చుట్టు దగ్గర పదును పోయి కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. వేడి చేసి కుంగదీయడం అంతకంటే ఘోరం, ఎంత కుంగుతుందో, ఇంకా ఎంతకాలం కుంగుతూనే ఉంటుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కాయిలోవర్లు, అంటే ఎత్తు సర్దుకునే వీలున్న స్ట్రట్లు, అడిగేవాళ్లకు ఒక్క మాట. స్ప్రింగు సీటును మరతిప్పి కిందికి దించే రకంలో ఎత్తుతో పాటు ట్రావెల్ కూడా పోతుంది. కింది బ్రాకెట్ విడిగా తిరిగి డబ్బా పొడవే మారే రకంలో స్ట్రోక్ నిలుస్తుంది, అయితే టైరు లైనర్‌ను ముందుగా వెతుక్కుంటుంది. కొనేముందు ఏ రకమో చూడండి.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ వేళ అడ్డం తిరగొచ్చు. రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు పాలసీతో కలిపి పెట్టుకోవాలి. వారంటీలో ఉన్న కారైతే సస్పెన్షన్ మీద అది పోయినట్టే. పాత భాగాలన్నీ గ్రీజు రాసి, గోనెసంచిలో కట్టి దాచాం.

మిగిలిన పని

వెనక బంప్ స్టాప్‌లను కోసిన వాటి బదులు పొడవైన, మెత్తటి పాలీయూరిథేన్ రకంతో మార్చాలి. నిండు బరువులో వాటి మీద వాలక తప్పదు కాబట్టి, వాలడం క్రమంగా జరిగేలా. అది అయ్యాక కేబుల్ టైలు మళ్లీ బిగించి, అదే నలుగురితో, అదే హైవే మీద కొలత తీయాలి. ముందు టైర్ల ట్రెడ్ లోతు లోపలి అంచున, నడిమిన, బయటి అంచున రాసి ఉంచాం. 5000 కి.మీ. తర్వాత లోపలికీ బయటికీ తేడా 0.5 మి.మీ. దాటితే టో మళ్లీ చూడాలి.